ఆ తిట్టు నాది

మా బావ నాకంటే మూడు నెలలు పెద్ద. ఆ మూడు నెలల పుణ్యానికి జీవితాంతం వాణ్ణి 'బావా' అని పిలవాలట. మా మేనమామ కొడుకు. ఊరు త్రిపురారం. పదో తరగతితో చదువు చాలించి వ్యవసాయంలోకి దిగాడు. నేను అప్పట్లో కోదాడలో కిరాయి గదిలో ఉండి ఇంజనీరింగ్ చదువుతుండేవాణ్ణి. ఇద్దరికీ పందొమ్మిదేళ్లు. కన్నకొడుకును నేనుండగా, ఏ మందు కొట్టాలన్నా, ఏ రకం నారు పోయాలన్నా మా నాయన ఫోను వాడికే చేసేవాడు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారే, అదీ సంగతి. నాకు ఫోను చేస్తే మాత్రం ఒకటే ప్రశ్న: "తిన్నవా బిడ్డా?"

నాకు ఒళ్లు మండేది. వాడు మా ఇంటికి వస్తే అమ్మ వేసే రెండో గరిటె కూరను కూడా ఓర్చుకోలేకపోయేవాణ్ణి.

ఆ ఏడు కోతల ముందు అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. నాయన సూర్యాపేట దవాఖానలోనే ఉండిపోయాడు. నేను సెలవుల్లో గరిడేపల్లిలో, మా ఇంట్లోనే ఉన్నాను. అయినా నాయన బావను పిలిపించాడు. "అల్లుడా, వరి నీ చేతుల పెడుతున్న. జర సూసుకో" అని ఫోనులో చెబుతుంటే పక్కనే నిలబడి విన్నాను.

బావ ఒక కంకి నలిపి చూసి, "ఇంక ఐదు రోజులు ఆగాలె. గింజ ముదరలే" అన్నాడు. మర్నాడు ఏదో పని మీద వాళ్ల ఊరికి వెళ్లాడు. అదే రోజు పక్క పొలంలోకి కోతమిషను వచ్చింది. వాడు చెబితే నేనెందుకు ఆగాలి? పొలం మాది. నాయన వచ్చేసరికి కోత అయిపోయి ఉంటే, 'నా కొడుకు పెద్దోడయిండు' అంటాడని ముందే మురిసిపోయాను. మిషనును మా మడిలోకి తిప్పించాను.

సాయంత్రం బావ తిరిగొచ్చి, ట్రాలీలోంచి గుప్పెడు వడ్లు తీసి చూశాడు. "ఎంత పని చేసినవ్ రా" అన్నాడు, అంతే. ఆ నెమ్మది కూడా నాకు గిట్టలేదు. తిడితే తిరిగి తిట్టేవాణ్ణి.

మర్నాడు పొద్దున మిర్యాలగూడలో ఒక మిల్లు ముందు ట్రాక్టర్ల వరుసలో నిలబడ్డాం. నాయన సూర్యాపేట నుంచి నేరుగా అక్కడికే వచ్చాడు. మిల్లు గుమస్తా నాలుగు గింజలు అరచేతిలో నలిపి, పొట్టు ఊది, చెయ్యి నాయన ముందు పెట్టాడు. సగం బియ్యం ఆకుపచ్చగా ఉన్నాయి.

"గింజల పాలు గట్టిపడకముందే కోసిన్రు. మాకొద్దు, తీస్కపోండ్రి."

"ఎవడు కొయ్యమన్నడురా?" అన్నాడు నాయన.

నేను ట్రాలీ వెనక్కి జరిగాను.

"నేనే మామా. వానొస్తదని భయపడ్డ" అన్నాడు బావ.

నాయన వాడి మీద విరుచుకుపడ్డాడు. "నిన్ను నమ్మి పోయిన గదరా! అన్ని తెలిసినోడివి, గిట్ల చేస్తవా?" ట్రాక్టర్ల వాళ్లంతా చూస్తున్నారు. బతికిపోయానని నేను సంతోషించాలి కదా. లేదు, మళ్లీ ఒళ్లు మండింది. నాయన నన్నెప్పుడూ అలా తిట్టలేదు. నమ్మితేగా అలా తిట్టేది! చివరికి నేను చేసిన తప్పుకు పడే తిట్టు కూడా వాడికే పోతోంది.

"నేనే కోయించిన నాయనా" అన్నాను. నిజాయితీ పొంగుకొచ్చి కాదు. ఆ తిట్టు నాకు కావాలి.

నాయన నా వైపు తిరిగాడు. అప్పటిదాకా ఉన్న కోపం ముఖంలో లేదు.

"ఊకో. మీ బావను ఎనకేసుకురాకు" అని భుజం తట్టాడు. "పొద్దుగాల ఏమన్న తిన్నవా బిడ్డా?"