పిడి లేదనుకుందాం

పింగాణీ పరిశోధనశాలలో ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. అందరికీ ఆవిడ ‘అనుకుందాం మేడమ్’. ఏది చెప్పబోయినా నోట్లోంచి ముందు ఆ మాటే ఊడిపడేది. బట్టీలో గాలి కదలడం లేదనుకుందాం, మట్టి అంతటా ఒకేలా ఉందనుకుందాం. అలా అనుకుని, పెన్సిలు చెక్కుకుని, కాగితం మీదికి వంగిపోయేది. పక్క గదుల్లో వాళ్ళ చేతులకి మట్టి, మసి, రంగులు అంటుకుని ఉండేవి. ఈవిడకి చిటికెనవేలి పక్కన పెన్సిలు మరక ఒక్కటే. సాయంత్రం కుళాయి దగ్గర అందరూ చేతులు కడుక్కుంటుంటే, “జరగండి జరగండి, మేడమ్ కూడా మసి కడుక్కోవాలి” అని నవ్వేవాళ్ళు. ఆవిడా నవ్వి, ఆ కాస్త మరకనీ శ్రద్ధగా రుద్ది కడుక్కునేది.

ఈ పనిలోకి ఆవిడ రావడం కూడా ఒక విధంగా చేతుల వల్లే. చదువుకునే రోజుల్లో ప్రయోగశాలలో ఆవిడ పట్టుకున్న గాజు సామాను పట్టుకున్నట్టే పగిలేది. చివరికి మాస్టారు విసిగిపోయి, “తల్లీ, నువ్వు దేన్నీ ముట్టుకోకు. పక్కన కూర్చుని, ఏం జరగాలో లెక్క కట్టి చెప్పు చాలు” అన్నాడు. ఆయన తిట్టాననుకున్నాడు. ఆవిడకి మాత్రం ఆ రోజు ప్రాణం లేచొచ్చింది. ముట్టుకోకుండా ముందే తెలుసుకోవడమనే పని ఒకటుందని అప్పుడే తెలిసింది.

ఇంట్లోనూ ఆ మాటకి కరువు లేదు. భర్త కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్పేవాడు. ఆయన పాఠం ‘మిగతావేవీ మారలేదనుకుందాం’ అని మొదలయ్యేది. ధర ఒక్కటే పెరిగి, జనం ఆదాయాలూ ఇష్టాలూ ఉన్నచోటే ఉంటే కొనేవాళ్ళు ఏం చేస్తారు అని.

“అన్నీ ఉన్నచోటే ఉండే ఊరు ఎక్కడుందిరా?” అని అత్తగారు కొడుకుని నిలదీసేది.

“ఎక్కడా లేదమ్మా. అన్నీ ఒక్కసారే కదిలితే దేనివల్ల ఏం జరిగిందో తెలీదు. అందుకని కాగితం మీద ఒక్కదాన్నే కదిపి చూస్తాం.”

అత్తగారు సాంతం విని, గిన్నె మూత తీసి వడ్డిస్తూ, “అయితే ఇందులో ఉప్పు వేశాననుకుని తినండి ఇద్దరూ” అనేది. ఒకరోజు నిజంగానే వెయ్యలేదు. ఇద్దరూ కిక్కురుమనకుండా తిని లేచారు. అత్తగారు ఆ ముచ్చట వీధిలో చెప్పని గడప లేదు.

ఆ ఏడు పరిశోధనశాలకి పట్టుకున్న తలనొప్పి ఒక కప్పు. చేతులు వణికే రోగులకి జారిపోకుండా ఉండేందుకు లావుపాటి పిడితో కప్పు చేసి ఇమ్మని ఆసుపత్రుల వాళ్ళు అడిగారు. చూడ్డానికి ముద్దుగా ఉంది, పట్టుకుంటే గుప్పిట నిండుగా ఉంది. బట్టీ తలుపు తీసేసరికి మాత్రం సగానికి సగం నిలువునా పగిలి ఉండేవి. పగులు అంచు నుంచి అడుగుదాకా పాకేది. అసలు ఎక్కడ మొదలైందో చూసి చెప్పడం ఎవరి వల్లా కాలేదు.

బట్టీ మాస్టారు చేయని ప్రయత్నం లేదు. ఏళ్ళ తరబడి సెగకి ఆయన కనుబొమలు సగం కాలిపోయి, ఎప్పుడు చూసినా దేనికో ఆశ్చర్యపోతున్నట్టు కనిపించేవాడు. మట్టి మార్చాడు. మంట మెల్లగా పెంచాడు. కప్పుల్ని పై అరలోంచి కింది అరలోకి దించాడు. దేనికీ లొంగలేదు. మట్టి నలిపేవాళ్ళు బట్టీది తప్పన్నారు. బట్టీ వాళ్ళు మట్టిది తప్పన్నారు.

అప్పుడే కొత్త డైరెక్టరు వచ్చాడు. చెడ్డవాడు కాదు గానీ, ప్రతి గదిలోనూ ఏదో ఒకటి తయారవుతూ కనపడాలి ఆయనకి. ఒకరోజు అనుకుందాం మేడమ్ గది గుమ్మంలో నిలబడి లోపలంతా కలియజూశాడు. బల్ల, కుర్చీ, కాగితాలు.

“ఈ గదిలో ఏం తయారవుతుందమ్మా?”

“ఇంకా ఏమీ తయారవలేదండీ” అంది ఆవిడ, ఉన్నమాట.

“చూడండి, నేను మొహమాటం లేకుండా చెప్తాను. ఈ కప్పు గొడవ తేలేలోగా ఈ గది వల్ల ఒక్క పని జరిగిందని చూపించండి. లేదంటే మిమ్మల్ని స్టోర్స్‌కి మారుస్తాను. జీతం అదే ఇస్తాం, భయపడకండి.”

ఆ చివరిమాట ఆయన ఓదార్పుగానే అన్నాడు. ఆవిడ భయం జీతం గురించి కాదు. స్టోర్స్ అంటే గోనెసంచులు, తాళాలగుత్తి, వచ్చేపోయే వాళ్ళకి సంతకాలు. అక్కడ కూర్చుని ఎవరూ ఏమీ అనుకోరు.

వారం తిరిగేసరికి ఆ కప్పు లెక్క పూర్తిచేసి అందరి ముందూ నిలబడింది. “కప్పుకి పిడి లేదనుకుందాం” అని మొదలుపెట్టింది.

“పిడి లేకపోతే దాన్ని గ్లాసంటారండీ” అన్నాడు బట్టీ మాస్టారు. గదంతా గొల్లుమంది.

“గ్లాసే అనుకోండి. దాని గోడ పలచన. లోపలి వైపూ బయటి వైపూ దాదాపు ఒకేసారి చల్లారతాయి. ఒకవైపు ముడుచుకుని ఇంకోవైపు ముడుచుకోకపోతేనే పగులు పుడుతుంది. మన బట్టీ చల్లారే వేగానికి ఇది పగలకూడదు.”

“పగలకూడదా?” డైరెక్టరు లేచి, మూల ఉన్న పెంకుల తట్ట తెచ్చి బల్లమీద పెట్టాడు. “ఆ మాట కాస్త వీటికి చెప్పండి.”

ఈసారి నవ్వు మెల్లగా వచ్చింది. అదే ఎక్కువ బాధించింది.

సాయంత్రం ఆరిన బట్టలు మడతపెడుతూ కూడా ఆవిడ మనసు అక్కడే ఉంది. ఒకే దుప్పటి రెండుసార్లు మడిచి మళ్ళీ విప్పింది. అత్తగారు దుప్పటి లాక్కుని, “ఏమిటే, మొహం అలా వేలాడేశావు?” అంది.

“లెక్క తప్పింది అత్తయ్యా. ఎక్కడ తప్పిందో ఎన్నిసార్లు చూసినా దొరకడం లేదు.”

పిల్లల పేపర్లు దిద్దుకుంటున్న భర్త తలెత్తాడు. “మాకూ అలాగే అవుతుంది. ధర పెరిగినా అమ్మకాలు తగ్గవు. అలాగని సిద్ధాంతాన్ని చెత్తబుట్టలో వెయ్యం. మారలేదనుకున్నవాటిల్లో ఏదో మనకి తెలీకుండా మారిందని దాన్ని వెతుక్కుంటూ వెళ్తాం.”

“దొరుకుతుందా?” అని అడిగింది అత్తగారు.

“ఒక్కోసారి దొరకదు. కానీ ఎక్కడ వెతకాలో మాత్రం తెలుస్తుంది.”

ఆవిడ చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. లెక్క తప్పు కాదు. పలచటి గోడ పగలకూడదనే చెప్పింది, అది నిజమే అయుండొచ్చు. పగులు తెచ్చేది తను వదిలేసినవాటిల్లో ఉండాలి. తను వదిలేసింది పిడిని.

మర్నాడు పొద్దున్నే బట్టీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఎవరినీ ఏదీ అడిగి అలవాటు లేదు. రెండుసార్లు గొంతు సవరించుకుని, అదే మట్టితో, అదే అరలో, లావుపాటి పిడి ఉన్న కప్పుల పక్కనే పిడి లేని కప్పులు కూడా పెట్టి కాల్చమని అడిగింది.

“పిడి ఊడిన కప్పులు చాలా చూశాను గానీ, పిడి లేకుండానే కాల్చమన్న మనిషిని మిమ్మల్నే చూస్తున్నాను” అన్నాడు మాస్టారు.

“నా మాట తప్పయితే స్టోర్స్‌లో కూర్చుని మీకు మట్టి కొలిచి ఇస్తాను.”

“అమ్మో, మీరు కొలిస్తే సగం సంచి ఇచ్చి, మిగతా సగం ఉందనుకోమంటారు. పదండి, కాల్చి చూద్దాం.”

బట్టీ చల్లారేదాకా ఆవిడ ఇంటికి వెళ్ళడం, రావడం, తలుపు వంక చూడడం, ఇదే పని. తెరిచాక మాస్టారు ఒక్కొక్క కప్పునే అరచేతిలో నిలబెట్టి వేలి కణుపుతో కొట్టాడు. పగుల్లేని కప్పు ఖంగున మోగుతుంది. పగిలింది పెంకులా మూలుగుతుంది. పిడి ఉన్నవాటిల్లో ఎప్పటిలాగే సగం మూలిగాయి. పిడి లేనివి వరసగా మోగుతూ పోయాయి. చివరిదాకా మోగాయి.

మాస్టారు అక్కడున్న పీట మీద కూలబడి, “అయితే నా బట్టీ మంచిదే” అన్నాడు. “ఇన్నాళ్ళూ దాన్ని నోటికొచ్చినట్టు తిట్టానండీ.”

ఆవిడ ఆయన పక్కనే నేలమీద చాక్‌పీసుతో గీసి చెప్పింది. మందం రెట్టింపయితే చల్లారడానికి ఇంచుమించు నాలుగింతలు పడుతుంది. గోడ చల్లారి ముడుచుకుంటుంటే పిడి ఇంకా వేడిగా, ముడుచుకోకుండా కూర్చునుంటుంది. ఒకే దుప్పటి కప్పుకున్న ఇద్దరు చెరోవైపు లాగితే మధ్యలో చిరిగినట్టు, అతుకు దగ్గర పగులు పుట్టి గోడంతా పాకుతుంది.

“అయితే సన్నపిడి పెట్టాలా? వణికే చేతికి అది ఆగదు కదండీ.”

“పైకి లావుగా ఉండొచ్చు. లోపల మట్టి మాత్రం గోడ మందాన్ని మించకూడదు. అదెలా చేస్తారో నాకు తెలీదు.”

“మట్టిని జారుగా కలిపి అచ్చులో బోలుగా పోస్తే సరి. లోపలి గాలి పోవడానికి ఓ చిన్న చిల్లు వదలాలి.”

“గాలి సంగతి నేను అనుకోలేదు.”

“ఏదో ఒకటి మాకూ వదిలిపెట్టండి మరి.”

బోలుపిడి కప్పులు బట్టీలోంచి బయటికొచ్చిన రోజు ఎక్కడో ఒకటీ అరా తప్ప అన్నీ మోగాయి. డైరెక్టరు ఒకదాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“మీ మొదటి లెక్క తప్పే కదమ్మా?”

“పిడి ఉన్న కప్పుకి తప్పేనండీ. అది తప్పబట్టే పిడి మీద అనుమానం వచ్చింది.”

“అంటే, తప్పే లెక్కల కోసం నేనొక గది కేటాయించాలంటారు.”

“అప్పుడప్పుడు సరిపోయేవాటికి కూడానండీ.”

ఆవిడ నోటివెంట అంత మాట వస్తుందని ఎవరూ అనుకోలేదు, ఆవిడ అసలే అనుకోలేదు. చెవులు ఎర్రబడ్డాయి. డైరెక్టరు ముక్కులోంచి చిన్నగా నవ్వి, గది ఆవిడదేనన్నాడు. అయితే అందులో చోటుంది కాబట్టి నమూనాల బీరువా కూడా అక్కడే పెట్టిస్తానన్నాడు.

బీరువా వచ్చి సగం కిటికీని మూసేసింది. గది కాస్త చీకటి పడింది. ఆవిడ బల్లని వెలుగు పడే వైపుకి ఈడవబోతే, బీరువాతో వచ్చిన బట్టీ మాస్టారు రెండో కొస పట్టుకున్నాడు. బల్లని గోడకి ఆనించాక ఆయన చేతుల మట్టి దాని మీద రెండు మరకలు చేసింది. తుడవబోయాడు. ఆవిడ ఉండనివ్వమని, కాగితం పరుచుకుని కూర్చుంది.