జలీల్ సాబ్ నమ్మని కెమెరా

కిరాయికి తెచ్చిన కెమెరా పెట్టె మూత తీయగానే కొత్త స్పాంజి, రబ్బరు కలిసిన వాసన ముఖానికి కొట్టింది. పోయిన వారం పటాన్‌చెరులో ఒక పంపుల ఫ్యాక్టరీకి ఫొటోలు తీయడానికి వెళ్ళినప్పటి మాట. కొత్త వస్తువు వాసన ఎవరికైనా ఉత్సాహం ఇస్తుంది. నాకు మాత్రం కనుబొమలు ముడిపడతాయి. ఆ అలవాటు నాది కాదు, జలీల్ సాబ్‌ది.

సంగారెడ్డిలో పోతిరెడ్డిపల్లి వైపు వెళ్ళే రోడ్డు మీద ఆయన స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళ జోలికి పోయేవారు కాదు. ఫ్యాక్టరీల వాళ్ళ క్యాటలాగుల కోసం యంత్రాల ఫొటోలు తీసేవారు. డిగ్రీ కాగానే ఆయన దగ్గర చేరి ఆరేళ్ళు పనిచేశాను. అనుమానం ఆయనకు ఊపిరితో సమానం. చిక్కటి పాలతో చేశానని టీ కొట్టాయన చెబితే గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసేవారు. బాగా వచ్చిందని నేను సంబరపడిన ఫొటోనైతే ఇంకా ఎక్కువసేపు చూసేవారు. "నీకు గింత నచ్చిందంటే ఇది నీకేదో దాస్తున్నది బిడ్డా" అనేవారు.

ఒకరోజు హైదరాబాద్ నుంచి కెమెరాల ఏజెంటు వచ్చాడు. తెచ్చింది మీడియం ఫార్మాట్ కెమెరా. మేము వాడే ఫుల్ ఫ్రేమ్ కెమెరా కంటే దానిలో వెలుతురును పట్టే సెన్సార్ పెద్దది, బరువూ ధరా ఇంకా పెద్దవి. ఒక పువ్వు ఫొటోను బల్లంత ప్రింటు వేయించి మా ముందు పరిచాడు. పుప్పొడి రేణువులు లెక్కపెట్టవచ్చు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను.

"ఏ గదిల తీసిన్రు ఇది?" అన్నారు జలీల్ సాబ్. "గదే గదిల, గదే లైటుకు, చిన్న కెమెరాతోని తీసింది ఏది? రెండూ పక్కపక్కన పెట్టకుండ పెద్దది మంచిదంటే నేనెట్ల నమ్మాలె?"

ఏజెంటు నవ్వి, నాలుగు రోజులు వాడి చూడమని కెమెరా వదిలి వెళ్ళాడు. ఊరికే ఇచ్చాడన్నది సాబ్‌కు మరో అనుమానం. నాకు ఆయన మీదే అనుమానం. "సార్, మీరు దాన్ని నమ్మడం లేదా, లేక కొత్తది నేర్చుకోవాలంటే భయమా?" అని అడిగేశాను. ఆయనకు కోపం రాలేదు. "రెండూ ఉండొచ్చు. పరీక్ష పెడ్దాం పా" అన్నారు.

ఒకే పంపును ఒకే లైటులో రెండు కెమెరాలతో తీసి, రెండడుగుల ప్రింట్లు వేశాం. కెమెరాల పేర్లు వెనక రాసి, చూడకుండా కలిపి గోడకు అంటించాం. "రంగు ఎంత మెత్తగా మారుతోందో చూడండి, పెద్దది ఇదే" అని ధీమాగా చూపించాను. తిప్పి చూస్తే చిన్నది! ఆయన చూపిందీ తప్పే. పేర్లు నేనే తారుమారు చేశానేమోనని ఆయన స్వయంగా మళ్ళీ రాసి, చూడకుండా కలిపి పెట్టారు. ఈసారి నేను గెలిచాను, ఆయన మళ్ళీ ఓడారు. అయినా నా గెలుపు గుడ్డి గెలుపేనని ఇద్దరికీ తెలుసు. పైగా పెద్ద కెమెరా ఫోకస్ నెమ్మది. దాని ఫైలు ఒక్కటి తెరవడానికే మా కంప్యూటర్ ఆయాసపడేది. "గింత తేడాకు గంత బరువెందుకు మొయ్యాలె?" అన్నారు ఆయన.

మూడో రోజు, మందుల కంపెనీలకు స్టీలు ట్యాంకులు చేసే ఒక షెడ్డుకు వెళ్ళాం. మనిషికి రెండింతల ఎత్తున్న ట్యాంకును రెండు కెమెరాలతోనూ తీశాం. సాయంత్రం పెద్ద కెమెరా ఫొటోను తెర మీద పెంచి చూస్తుంటే, పైపు అతుకు పక్కన వెంట్రుకంత నల్లగీత కనబడింది. చిన్న కెమెరా ఫొటోలో అక్కడ ఏదో మసక ఉంది, అంతే.

"సెన్సార్ మీద దుమ్ము" అన్నాను.

"దుమ్మైతే కెమెరా జరిపినా ఫొటోల గదే జాగల ఉండాలె. గదే ట్యాంకుయి వేరే ఫొటోలు తెరువు."

తెరిచాను. ప్రతి ఫొటోలోనూ గీత ట్యాంకుతోపాటే జరిగింది.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకు వెళ్ళి మేనేజరుకు చూపించాం. ట్యాంకును అప్పటికే లారీకెక్కిస్తున్నారు. "పాలిష్ గీత సాబ్ అది. కంప్యూటర్‌ల తుడిచెయ్యిన్రి, అయిపాయె" అన్నాడు మేనేజరు.

"తుడుస్త. ముందు జెర పరీక్ష చేయించు."

"ఫొటోలు తీసెటోళ్ళు మాకు వెల్డింగ్ చెప్తరా?"

జలీల్ సాబ్ లారీ ముందుకు వెళ్ళి నిలబడ్డారు. అరవలేదు, కదల్లేదు. చివరికి ఒక బిహారీ వెల్డర్ అతుకు మీద ఎర్రరంగు పూసి, కాసేపాగి తుడిచి, తెల్లపొడి చల్లాడు. అందరం చూస్తుండగానే లోపలికి ఇంకిన రంగు తెల్లటి పొడిలోంచి ఎర్రటి గీతలా మెల్లగా పైకి వచ్చింది. "క్రాక్ హై సాబ్" అన్నాడు వెల్డర్, మేనేజరు వైపు చూడకుండా. ట్యాంకు దింపించారు. మాకు కృతజ్ఞత చెప్పలేదు. ఆ షెడ్డు నుంచి మళ్ళీ పని రాలేదు.

తిరిగి వస్తూ కంది ఊరి దగ్గర టీకి ఆగాం. ఇక పెద్ద కెమెరా కొంటారని నా ఆశ.

"వాపస్ ఇచ్చేద్దాం" అన్నారు.

"పగులు చూపింది కద సార్!"

"చూపింది. నేను తప్పు అనుకున్న, ఒప్పుకుంట. కదలకుండ ఉండేటి పెద్ద యంత్రాలకు కిరాయికి తెచ్చుకుందాం. రోజు పనికి చిన్నదే చాలు. ఒక్కసారి నిజం చెప్పినోడి మాట ఇగ ఎన్నడు అడగకుండనే నమ్ముతమా?" గ్లాసు కింద పెట్టారు. "నువ్వు రాకముందు ఒక ఫొటోల గిట్లనే ఒక గీత ఉండె. మేనేజరు తుడువమన్నడు. తుడిచిన. అదేందో నాకు ఇప్పటికీ తెల్వది బిడ్డా."

అన్నాళ్ళూ ఆ అనుమానమంతా లోకం మీద అనుకున్నాను. ఆ క్షణం నుంచి ఆయనతో వాదించాలనిపించలేదు. ఇప్పుడు ఆయన లేరు.

పోయిన వారం తీసిన పంపు ఫొటోను కంప్యూటర్‌లో శుభ్రం చేస్తూ దుమ్ము చుక్కలు ఒక్కొక్కటే తుడిచాను. మూత అంచున ఒక సన్నని చార దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఫ్యాక్టరీకి ఫోన్ చేశాను.

"రంగు మరకే మేడం, ఊకె పరేషాన్ కాకున్రి" అని నవ్వాడు అక్కడి సూపర్‌వైజర్.

"ఎవరైనా ముట్టి చూశారా?"

అవతల నవ్వు ఆగింది. "లేదు. చూసొస్త, లైన్ల ఉండున్రి" అన్నాడు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, అతని అడుగుల చప్పుడు దూరమవుతుంటే వింటూ కూర్చున్నాను.