రంగు చారోది, నోరు ఫువెన్‌సాంతది

స్పెయిన్‌లోని తోర్రెవ్యేహా ఊరి బజారు వీధిలో చారో నడిపే సెలూన్‌కి వచ్చేవాళ్లలో సగంమంది ఇంగ్లండు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన ముసలమ్మలు. చారోకి ఇంగ్లీషు ముక్క రాదు. ఆమె ఆడపడుచు ఫువెన్‌సాంతకి వచ్చు, పడుచుతనంలో లీడ్స్‌లో హోటలు గదులు ఊడ్చి నేర్చుకున్న ఇంగ్లీషు. తలలు కడగడం, ఈ భాష మాట ఆ భాషలోకి మార్చి చెప్పడం ఆమె పని. మెచాస్ అంటే హైలైట్స్, అక్కడక్కడా పాయలకి వేసే లేత రంగు; సెనీసో అంటే యాష్, బూడిద రంగు. అంతవరకూ ఏ పేచీ లేదు. చారో నిజాన్ని స్పానిష్‌లో చెప్పి, అబద్ధాన్ని ఇంగ్లీషులో చెప్పమంటుంది చూడండి, పేచీ అంతా అక్కడే.

పోయిన వేసవిలో జుట్టు రంగు తీసే బ్లీచ్ పెట్టాక ఒకావిడకి నుదుటి మీది జుట్టు విరిగి రాలిపోయింది. "కాస్త పొడిబారుతుందంతే అని చెప్పు" అన్నది చారోయే. తీరా రాలాక, "మా ఆడపడుచు తర్జుమా తప్పింది" అని చేతులు దులిపేసుకుంది. జుట్టు పోయినావిడ చేపల బజారులో నలుగురి ముందూ ఫువెన్‌సాంతని అబద్ధాలకోరని తిట్టిపోసింది. తలుచుకుంటే ఇప్పటికీ ఫువెన్‌సాంతకి ఒళ్లు మండుతుంది. మండదా మరి?

ఈ మంగళవారం డోరీన్ అనే ఇంగ్లీషావిడ వచ్చింది. ఏళ్ల తరబడి ఇంట్లో డబ్బా రంగు పులిమి నల్లగా చేసుకున్న జుట్టు. శనివారం కూతురి పెళ్లికి బంగారు రంగు కావాలట.

చారో ఓ పాయ పట్టుకు చూసి పెదవి విరిచింది. "దీనికి బ్లీచ్ పెడితే ఊడి చేతికొస్తుంది. సరేలే, కాస్త పొడిబారుతుందని చెప్పు."

"మళ్లీనా వదినా?"

"నీ సలహా ఎవరడిగారే? చెప్పమన్నది చెప్పు."

ఫువెన్‌సాంత చెప్పలేదు. డోరీన్‌ని అడిగి, మెడ వెనక సన్నటి పాయ ఒకటి కత్తిరించి, బ్లీచ్ కలిపిన గిన్నెలో వేసింది. ఇలాంటి జుట్టుకి ముందుగా చేయాల్సిన పరీక్షే అది. చారో బద్ధకించి ఎప్పుడో మానేసింది.

"వచ్చిన బేరం చెడగొడతావా? నువ్వున్నది మాటలు మార్చడానికి, పరీక్షలు పెట్టడానికి కాదు."

"మాటే మారుస్తున్నా. నువ్వు ముందు అన్న మాట."

కాసేపటికి పాయ కడిగి డోరీన్ చేతిలో పెట్టింది. డోరీన్ లాగి చూసింది. ఉడికిన సేమ్యాలా సాగి తెగిపోయింది. ఆవిడ మొహం పాలిపోయింది. అద్దంలో చారోనే చూస్తూ ఇంగ్లీషులో ఏదో గట్టిగా అడిగింది.

"ఏమంటోందే?" అంది చారో.

ఫువెన్‌సాంత ఏప్రన్ ముడి విప్పి కుర్చీ మీద పడేసింది.

"ఇది నీకు ముందే తెలుసా అని అడుగుతోంది వదినా. జవాబు నువ్వే చెప్పుకో."