పప్పులో పోసిన బ్యాటరీ నీళ్లు

"ఖాజా, నువ్వు నాకు పాత బ్యాటరీ అంటగట్టినవ్. నడి ఏట్ల నా ఇజ్జత్ పోయింది."

"కొత్తదే నారాయణా. తెచ్చిన నాడు నువ్వే సూసినవ్ గద. నీ నీళ్లల్ల ఏం కలిసిందో సూస్కో."

"నీళ్లల్ల ఏం కలుస్తది? మా వదినె దగ్గర పెడితే దేవుని దగ్గర పెట్టినట్టే."

నారాయణ నా మరిది. వాడు ఆ మాట అన్నప్పుడు నేను తలుపు వెనకాల బియ్యం ఏరుతున్నాను. బయటికి వచ్చి ఒక్క మాట చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ బరువు ఇన్నేళ్లు మోశాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈ ఉత్తరంలో నీకే చెబుతున్నాను.

బోధన్ అవతల, మంజీర ఒడ్డున మా ఊరు. అప్పటికి వంతెన లేదు. నారాయణ తెరచాప పడవ నడిపేవాడు. గాలి పడిపోతే పడవ ఆగేది. వాడి దోస్తు, కరెంటు పని తెలిసిన ఖాజా, పడవకు చిన్న మోటారు బిగించి, బ్యాటరీతో నడిపించాడు. వారం వారం తెరచాప దించి, ఏటికి ఎదురు ఎంత దూరం పోతుందో ఇద్దరూ చూసేవారు. మోటారుతోనే అవతలి ఒడ్డు చేరితే తన పడవలన్నిటికీ మోటార్లు పెట్టిస్తానని, ఆ పని వాళ్లిద్దరికే ఇస్తానని రేవు గుత్తేదారు మాటిచ్చాడు.

బ్యాటరీలో పోసే నీళ్లంటూ నారాయణ నిజామాబాద్ నుంచి సీసాలు తెచ్చి, ఎవరినీ ముట్టనీయొద్దని నాకు అప్పజెప్పాడు. నాకు అనుమానం. సారా మానేశానని వాడు ఒట్టేసి ఎన్నాళ్లో కాలేదు. మూత తీసి వాసన చూశాను. లేదు. నాలుక మీద వేసుకున్నాను. నీళ్లే. అప్పుడు అనుమానం ఖాజా మీదికి మళ్లింది. బావి నిండా నీళ్లుండగా నీళ్లు కొనిపిస్తున్నాడంటే, మా అమాయకుణ్ణి ముంచుతున్నట్టే కదా?

మా బావి నీళ్లు ఉప్పన. ఎన్ని కట్టెలు పెట్టినా పప్పు ఉడకదు. కొన్న నీళ్లు పారబోయడానికి మనసొప్పక పప్పులో పోశాను. వెన్నలా ఉడికింది. సీసాలో బావి నీళ్లు నింపి మూత బిగించాను. తర్వాత తెచ్చిన ప్రతి సీసాకూ అదే చేశాను.

పప్పు ఉడికిన నాడే ఆ నీళ్లు వేరని తెలియలేదా నాకు? తెలిసింది. తెలిసి కూడా ఏం కాదులే అనుకున్నానా, లేక ఖాజా ఎప్పుడు దొరుకుతాడా అని కాచుకొని కూర్చున్నానా? రెండోదే. పడవ జోరు వారం వారం తగ్గుతోందని నారాయణ అన్నం ముందు కూర్చొని బాధపడితే, నీ దోస్తునే అడగమన్నాను. వాడి కంచంలో ఆ పప్పే.

గుత్తేదారు చూడటానికి వచ్చిన రోజు మోటారు నడి ఏట్లో మూలిగి ఆగింది. పడవ వాలుకు పడి ఈ ఒడ్డుకే కొట్టుకొచ్చింది. ఒడ్డున జనం నవ్వారు. ఆ సాయంత్రమే మా వాకిట్లో ఆ జగడం. వదినె దగ్గరంటే దేవుని దగ్గరే అన్న మాట విన్నాక ఖాజా వెనక్కి తిరిగాడు. చెప్పులు తొడుక్కొని పోయాడు. మళ్లీ మా గడప తొక్కలేదు.

క్షమించమని ఎవరిని అడగాలి? ఇద్దరూ ఇప్పుడు లేరు. రెండో తరగతి చదివిన చేత్తో ఇంత రాసేసరికి వేళ్లు నొస్తున్నాయి, గుండె మాత్రం కొంత తేలికపడింది.

ఆ జగడం మరునాడు పొద్దున నారాయణ మోటారు విప్పి, గోనెలో చుట్టి, ఖాజా ఇంటి అరుగు మీద పెట్టి వచ్చాడు. తెరచాప భుజాన వేసుకొని రేవుకు పోయాడు. ఇంట్లో కొన్న నీళ్ల సీసా ఇక లేదు. నేను బావి నీళ్లు పోసి పప్పు పెట్టాను. ఉడకలేదు.