ఎడమ వైపు వెనక చక్రం

డెబ్బయ్యవ దశకం చివర్లో చంద్రగిరి అవతల, కొండల అంచున ఉన్న ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో నాకు నర్సు ఉద్యోగం వచ్చింది. పుట్టి పెరిగింది తిరుపతిలో. మా నాయన గుమాస్తా. బస్సు తప్ప మరో బండి ఎక్కి ఎరగను. చేరిన మర్నాడే టీకాల పెట్టె ఒళ్లో పెట్టి, డాక్టరుగారితో, ఆయాతో కలిపి ఒక పాత జీపులో కొండపల్లెలకు పంపించారు.

తారు రోడ్డు మొదటి రెండు మైళ్లే. తర్వాత ఎండిన వంకలోని ఇసుక, ఆపైన ఎద్దులబండి బాట, దాని పైన నిటారుగా ఎక్కే రాళ్ల దారి. ఒక పక్క కొండ, రెండో పక్క లోయ. ఆ మొదటి రోజు నేను ముందున్న కమ్మీని పట్టుకున్న పట్టుకు అరచేతులు బొబ్బలెక్కాయి.

డ్రైవరు పటాలంలో పనిచేసి వచ్చిన మనిషి. చిత్తూరు దగ్గర పల్లె. యాభై దాటినవాడు, మాట తక్కువ. నేను అన్నా అని పిలిచేదాన్ని. రోజూ పొద్దున మేము ఎక్కకముందే గోనెపట్ట పరుచుకుని జీపు కిందికి దూరేవాడు. చక్రాల బోల్టులన్నీ స్పానరు పెట్టి చూసేవాడు. చివరికి ఒక్కో చక్రం లోపలి వైపు చెయ్యి పెట్టి తడిమి, ఆ వేళ్లు వాసన చూసుకునేవాడు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "ఏం చూస్తావన్నా రోజూ?"

"తడి ఉండాదా అని సూస్తాండా. లోపల బ్రేకు ఆయిలు కారితే టైరుకు తగుల్తాది. నీళ్లయితే ఆరిపోతాది. ఇది ఆరదు, వేలికి జారతాది. రా, నువ్వూ సూడు నర్సమ్మా. బండెక్కేవాళ్లు బండిని సూసుకోవాల."

అలా నాకు ఆ అలవాటు అబ్బింది. ఆయన దగ్గరే మిగతావీ నేర్చుకున్నాను. ఇసుకలో దిగే ముందు టైర్లలో కొంచెం గాలి తీసేవాడు. వంకలో నీళ్లుంటే ముందు తాను ప్యాంటు మడిచి, కర్రతో లోతు చూసి వచ్చాకే బండి దించేవాడు. అవతలి గట్టెక్కాక బ్రేకు మీద కాలు మెల్లగా నొక్కుతూ, వదులుతూ, కొంత దూరం పోయేవాడు.

"తడిసిన బ్రేకు పట్టదమ్మా. ఆరబెట్టుకోవాల," అనేవాడు. దిగుడులో అయితే, "ఏ గేర్లో ఎక్కినామో ఆ గేర్లోనే దిగాల. బండిని ఇంజను పట్టుకోని ఉంటాది. న్యూట్రల్ చేసినామా, ఇంక బండిని నడిపేది మనం కాదు, కొండ."

మూడేళ్ల తర్వాత ఆయనకు చిత్తూరుకు బదిలీ అయింది. వెళ్లే ముందు జీపు చుట్టూ ఒకసారి తిరిగి బస్సెక్కాడు.

కొత్తగా వచ్చిన డ్రైవరుకు పాతికేళ్లుంటాయి. నవ్వు ముఖం. పల్లెల్లో పిల్లలు సూదికి భయపడి ఏడుస్తుంటే హారను కొట్టి నవ్వించేవాడు. మా ఆయాకు బండెక్కేటప్పుడు చెయ్యి అందించేవాడు. అందరికీ నచ్చాడు, నాకూ నచ్చాడు. కానీ అతను బండి కింద దూరడం నేను ఒక్కరోజూ చూడలేదు. దిగుడు రాగానే తాళం చెవి తిప్పి ఇంజను ఆపేసి, బండిని జారవిడిచేవాడు. పెట్రోలు మిగులుతుందని డాక్టరుగారు మెచ్చుకున్నారు. ఇంజను ఆగగానే చక్రాల కింద రాళ్లు నలిగే చప్పుడు ఒక్కటే మిగిలేది. నేను మళ్లీ కమ్మీని పట్టుకునేదాన్ని. రానురాను బండి నిలవడానికి అతను బ్రేకును ఒకసారి కాక రెండుసార్లు తొక్కడం గమనించాను. మరి కొన్నాళ్లకు మూడుసార్లు.

కార్తీకంలో రెండు రోజులు ముసురు పట్టి వెలిసింది. ఆ పొద్దున పెట్టె పట్టుకుని జీపు దగ్గర నిలబడి, అలవాటుగా చక్రాల లోపలికి చెయ్యి పెట్టాను. ఎడమ వైపు వెనక చక్రం తడిగా ఉంది. వేళ్లు రుద్దుకుంటే జారాయి. వాసన చూశాను.

"తమ్ముడూ, ఈడ ఆయిలు కారతా ఉండాది," అన్నాను.

అతను నవ్వాడు. "వాన పడింది గదక్కా. నీళ్లే లే."

"నీళ్లు కాదప్పా. జారతా ఉండాది సూడు."

"పాతాయన నీకు భయం బాగా నేర్పిచ్చినాడక్కా. బ్రేకుకు రెండు పంపులు కొడితే నిలబడతాది బండి. నేనుండాను గదా!"

అప్పుడే డాక్టరుగారు బయటికి వచ్చారు. "ఏమిటమ్మా ఆలస్యం? పెట్టెలో ఐసు కరిగిపోతుంది," అన్నారు.

చెబుదామని నోరు తెరిచాను. నేను నర్సును, ఆయన డాక్టరు, బండి డ్రైవరుది. "ఏం లేదు సార్," అన్నాను.

ఎక్కడం బాగానే ఎక్కాం. పైన పల్లెలో టీకాలు వేసి, మూడు గంటలకు తిరిగి బయలుదేరాం. కొండ పైన, దిగుడుకు కొంచెం ముందు, ఇంకో వంక అడ్డం వస్తుంది. పొద్దుటి కన్నా నీళ్లు పెరిగాయి, ఎర్రగా సుళ్లు తిరుగుతున్నాయి. డ్రైవరు దిగి చూడలేదు, వేగం పెంచి నేరుగా దూకించాడు. నీళ్లు రెండు పక్కలా ఎగిరిపడ్డాయి. నా పక్కనున్న ఆయా చిన్నపిల్లలా నవ్వింది. గట్టెక్కాక అతను బ్రేకు ఆరబెడతాడేమోనని అతని కాలి వైపే చూశాను. కాలు కదల్లేదు.

ఎదురుగా నాలుగు ఇళ్లున్నాయి. అవి దాటితే దిగుడే.

"సార్, ఇక్కడొక బాలింత ఉంది. చూసి నడిచి వస్తాను," అన్నాను. ఆ ఇళ్లలో బాలింత ఎవరూ లేరు.

బండి ఆగేసరికి ఇళ్లు దాటి కొంచెం ముందుకు వెళ్లింది. బ్రేకు ఎన్నిసార్లు తొక్కాడో లెక్కపెట్టలేదు. దిగి, ఆయా చెయ్యి పట్టుకున్నాను. "నువ్వూ రా అక్కా, తోడు."

"మోకాళ్లు పడిపోయినాయి తల్లీ. నువ్వు పోయిరా. కిందికి పోయి కూర్చుంటా," అంది.

చెయ్యి వదిలేశాను.

జీపు మలుపు తిరిగింది. ఇంజను ఆగిన చప్పుడు విన్నాను. నేను కదలకుండా దారి మధ్యలో నిలబడ్డాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత హారను మోగింది. ఆ దారిలో ఎదురు వచ్చే బండి ఏదీ ఉండదు. హారను ఆగకుండా మోగుతూ దూరమైంది, ఉన్నట్టుండి ఆగిపోయింది. తర్వాత రాళ్లు దొర్లిన చప్పుడు చాలాసేపు వినిపించింది.

పరుగున దిగి వెళ్లేసరికి జీపు లోయలో ఒక బండరాయికి ఆనుకుని పడి ఉంది. డాక్టరుగారి భుజం ఎముక విరిగింది. ఆయాకు తుంటి విరిగింది. డ్రైవరు ఛాతీ స్టీరింగుకు గుద్దుకుంది. అతని తలను నా ఒళ్లో పెట్టుకుంటే, "మూడు పంపులు కొట్టినానక్కా," అన్నాడు. "నాలుగు కూడా కొట్టినా." తిరుపతి ఆసుపత్రిలో మూడో రోజు పోయాడు.

విచారణకు వచ్చిన అధికారి, "నువ్వెందుకు దిగావు?" అని అడిగాడు. "బాలింతను చూడటానికి," అన్నాను. రాసుకున్నాడు.

విషయం తెలిసి పాత డ్రైవరు చిత్తూరు నుంచి వచ్చాడు. ఆసుపత్రిలో డాక్టరుగారిని, ఆయాను చూసి వచ్చాక, పోలీసు స్టేషను ఆవరణలో పెట్టిన జీపు చూస్తానంటే తోడు వెళ్లాను. వంగి, వెనక చక్రం లోపలికి చెయ్యి పెట్టాడు.

"ఇది ఒక్క రోజులో కారింది కాదు," అని నా ముఖంలోకి చూశాడు. "నువ్వు సూడలేదా నర్సమ్మా?"

"చూసినానన్నా."

ఆయన చెయ్యి బయటికి తీశాడు. జేబులోంచి గుడ్డ తీసి వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. బస్సు దాకా నాకు ముందు నడిచాడు. ఆ తర్వాత నేను ఆయన్ను చూడలేదు.

ఆయా ఐదు నెలలు మంచంలో ఉంది. ప్రతి ఆదివారం వెళ్లి ఒళ్లు తుడిచి, పుండ్లు పడకుండా పక్కకు తిప్పి వచ్చేదాన్ని. ఆమె కూతురు నన్ను దేవతలా చూసేది. అది భరించడం కష్టంగా ఉండేది. ఒక ఆదివారం కూతురు నీళ్లకు వెళ్లినప్పుడు ఆయా అడిగింది.

"ఆ ఇండ్లల్లో బాలింత యాడుందమ్మా?"

చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. లేదని చెప్పాను. చక్రం సంగతి చెప్పాను. డాక్టరుగారి ముందు నోరు రాలేదని చెప్పాను.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. పైకప్పు వైపు చూసింది.

"ఒక్క మాట అనుంటే దిగుండేదాన్ని గదా తల్లీ," అంది. "మోకాళ్లదేముంది. దేక్కుంటా అయినా దిగుండేదాన్ని."

తర్వాత తనంతట తానే రెండో పక్కకు తిరగడానికి ప్రయత్నించింది. నేను సాయం పట్టబోతే, "వద్దులే, నా బిడ్డ వస్తాది," అంది.