ఇరవైకి ఒకటి కొసరు

2024 చలికాలం. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఒక మందుల దుకాణం పైన మా ఆఫీసు. శాస్త్ర పత్రికలకు వచ్చే మాన్యుస్క్రిప్టులను, అంటే ఇంకా అచ్చుకాని పరిశోధన వ్యాసాలను, సాఫ్ట్‌వేర్‌తో తనిఖీ చేసి నివేదిక రాయడం నా పని. మనుషులతో మాట్లాడక్కర్లేదనే ఇందులో చేరాను.

ఆ రోజు వచ్చిన వ్యాసం బోధన్ చెరకు మీద. కట్టకు ఇరవై గడలు. ఒక్కో గడకు ఎన్ని కణుపులో లెక్కపెట్టి, పన్నెండు కట్టలకు సగటులు ఇచ్చారు. సాఫ్ట్‌వేర్ పదకొండింటికి ఎర్ర గుర్తు పెట్టింది. తొమ్మిదో కట్టను మాత్రం వదిలేసింది. కారణం సులువే. కణుపులు పూర్ణ సంఖ్యలు. మొత్తాన్ని ఇరవైతో భాగిస్తే రెండో దశాంశం సున్నా గానీ ఐదు గానీ కావాలి. మొదటి కట్ట సగటు 22.43. ఇరవై గడలతో అది రానే రాదు.

"కూసొని అల్లిన లెక్కలివి. రిజెక్ట్ అని రాసెయ్," అన్నారు మా మేడం.

రాసినావిడ ఎస్తేరు, పీహెచ్‌డీ విద్యార్థిని. కల్పిత లెక్కలని మేం రాస్తే ఆమె చదువు అక్కడితో ఆగిపోతుంది. నాకేమో ఆ తొమ్మిదో కట్ట గుచ్చుకుంటోంది. అల్లేవాళ్లు ఒక్కదాన్నే సరిగ్గా ఎందుకు అల్లుతారు?

"నోట్‌బుక్ చూసొచ్చి రాస్త మేడం."

"నువ్వా? ఫోన్ మోగితేనే బాత్రూంల దాక్కుంటవు గదనే!"

నిజమే. అయినా మేడం పత్రిక వాళ్లనడిగి ఒప్పించారు. మర్నాడు ఎస్తేరు ఇంటికని బోధన్ బస్సెక్కాను.

"మీ మిషిను నన్ను దొంగ అన్నదా?" గుమ్మంలోనే అడిగింది ఎస్తేరు.

"అనలే అక్కా. లెక్క కుదురుతలేదన్నది. నోట్‌బుక్ ఇస్తరా?"

మట్టి మరకల నోట్‌బుక్. గడకో అంకె. మొదటి కట్ట అంకెలను వేలు పెట్టి లెక్కించాను. ఇరవై ఒకటి. మళ్లీ లెక్కించినా అంతే. మొత్తం కణుపులు 471. ఇరవై ఒకటితో భాగిస్తే 22.43.

"మరి ఇరవై అని ఎట్ల రాసిండ్రు అక్కా?"

"కట్టంటే ఇరవయ్యే గద! చిన్నప్పటి సంది ఇన్నదే. అంకెలు కంప్యూటర్ల కొట్టిన, సగటు అదే తీసింది."

ఆమె తల్లి చెరకు కొట్టే కూలీ. గడప దగ్గర కత్తి నూరుతూ తలెత్తింది. "ఆ కట్టలు కట్టింది నేనే బిడ్డా. ఇరవైకి ఒకటి కొసరు ఎయ్యకుంటే తక్కువ కట్టిందంటరు."

తొమ్మిదో కట్ట పేజీ తిప్పాను. సరిగ్గా ఇరవై.

"గది నేను కట్టలే. మా మరదలు కట్టింది. దాని చెయ్యి గిట్ల," అని పిడికిలి బిగించి చూపింది.

ఎస్తేరు పడీపడీ నవ్వింది. నేను మాత్రం మిగతా పేజీలన్నీ లెక్కపెట్టాకే నోట్‌బుక్ మూశాను. అన్నింట్లోనూ ఇరవై ఒకటే.

"పన్నెండు కట్టలకూ ఉన్న లెక్కే రాయాలె. ఈ పేజీల ఫోటోలు జతచెయ్యాలె. కొసరు సంగతి గూడ రాయుండ్రి."

"కొసరని రాస్తే పెద్దోళ్లు నవ్వరా?"

"నవ్వనియ్యుండ్రి. లెక్కయితే నిలవడ్తది."

నా గొంతు అంత గట్టిగా పలకడం నేనే మొదటిసారి విన్నాను.

సవరించిన వ్యాసం తనిఖీ దాటింది. సాఫ్ట్‌వేర్ అబద్ధం చెప్పలేదు. లెక్క కుదరలేదని మాత్రమే చెప్పింది. దాన్ని దొంగతనమని చదువుకున్నది మేము. ఇప్పుడు ఎర్ర గుర్తు పడితే ముందు ఫోన్ చేస్తాను. అరచేతులకు ఇంకా చెమటపడుతుంది. తుడుచుకుని, మొదట ఒక్కటే అడుగుతాను: "వీటిని చేత్తో లెక్కపెట్టింది ఎవరండీ?"