సముద్రం దాటిన పందికొక్కు

మహారాష్ట్రలోని నాందేడ్‌లో, పెద్ద వయసులో చదువుకొచ్చిన మాకు అక్షరాలు నేర్పిన పంతులమ్మ, కోపం వస్తే కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచేది. ఒకరోజు తనిఖీకి వచ్చిన సారు, "ఇక్కడ మరాఠీ చాలు బాయీ. మీ తెలుగు చేను గట్టు దాటదు" అన్నాడు.

ఆమె కళ్లద్దాలు తుడిచింది. "ఇంగ్లీషుల బాండికూట్ అంటరు గద సార్, అది మా పందికొక్కే. గట్టు గాదు, సముద్రం దాటింది. ఆస్ట్రేలియాల పురుగులు తిని బతికే, పొట్టసంచిల పిల్లల మోసే జంతువుకు గూడ అదే పేరు పెట్టిండ్రు. మన గాదెల గింజ ముట్టనిదానికి గింజల దొంగ పేరేంది?"

సారు నవ్వాడు. తెలుగు పాఠం ఆపించి వెళ్లాడు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మరునాడు ఆమె మమ్మల్ని తన ఇంటికి పిలిచి పలకలిచ్చింది. "రాయుండ్రి అక్కలూ, ఎవడాపుతడో చూద్దాం!"

నేను తెలుగులో మొదట రాసింది నా పేరు కాదు, పందికొక్కు.